రాబోయే వెర్షన్‌లో తొలి సర్టిఫికెట్

"ఇక మీదట ఈ ఆఫీసులో ఏ పౌరుడూ ఒక్క నిమిషం కూడా ఎదురుచూడనక్కర్లేదు!" అని మంత్రిగారు ప్రకటించారు.

ఆ మాట వినడానికి మేమంతా పొద్దుటి నుంచీ ఎదురుచూస్తున్నాం.

అందరికంటే గట్టిగా మా బాబాయే చప్పట్లు కొట్టాడు. నివాస ధ్రువపత్రం రేపు సాయంత్రంలోగా ఇవ్వకపోతే హాస్టల్లో నా సీటు ఇంకొకరికి పోతుంది. అలాంటప్పుడు అరచేతులు మండుతున్నాయని చూసుకోకూడదట.

ఆ ఆఫీసుకు ఒక మంచి ఆచారం ఉంది. మొదటిది ఏదైనా సరే, ఫ్రేము కట్టి గోడకు తగిలిస్తారు. మొదటి టోకెను, మొదటి రసీదు, మొదటి ఫిర్యాదు అన్నీ అద్దాల వెనక భద్రంగా ఉన్నాయి. ఫిర్యాదు ఇంకా పరిష్కారం కాలేదు కానీ ఫ్రేము మాత్రం చాలా బాగుంది.

ఇక మంత్రిగారు ఆ రోజే ప్రారంభించిన కొత్త కంప్యూటర్ సిస్టమ్ గురించి చెప్పాలి. పాతదాంట్లో ప్రింట్ బటన్ తెర పైభాగంలో, ఎవరికైనా కనబడేలా ఉండేదట. పని చేయడం తప్ప దానికి వేరే గొప్పతనం లేదు. కొత్తదాంట్లో రంగులు మారతాయి. అక్షరాలు ఒక పక్క నుంచి వచ్చి ఇంకో పక్కకు వెళ్ళిపోతాయి. మధ్యలో ఒక చక్రం ఎంత ఓపికగా తిరుగుతుందంటే, చూసేవాళ్ళకు కూడా ఓపిక వస్తుంది.

"ప్రింట్ ఎక్కడుందమ్మా?" అని బాబాయి కౌంటర్లో ఆపరేటరమ్మను అడిగాడు.

"ఉందండీ. నిన్న ట్రయల్లో ఒక మూల కనబడింది. ఇవాళ అప్‌డేట్ అయింది."

"పోనీ, నాలుగు చోట్ల నొక్కి చూడండి."

"నొక్కాను. వాతావరణం చెప్పింది."

"ఏమంది?"

"బాగుంటుందట."

వెనక ఒక పెద్దాయన "అయ్యవారిని చేయబోతే కోతి అయ్యిందట" అని గొణిగాడు. అంతలో తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. మా సేవ ఎలా ఉంది? కింద రెండే జవాబులు. 'బాగుంది', 'చాలా బాగుంది'. ఏదో ఒకటి నొక్కందే తెర కదలదు. ఆపరేటరమ్మ నొక్కింది.

"ప్రజల సంతృప్తి నూటికి నూరు సార్!" అని ఆఫీసరుగారు మంత్రిగారికి అప్పుడే విన్నవించారు.

సరిగ్గా ఆ సమయంలో వెనక గదిలోంచి కిర్రు కిర్రుమని చప్పుడు వచ్చింది. మంత్రిగారి చెవులు పదునైనవి. వెళ్ళి తలుపు తోశారు. లోపల బీరువా పక్కన ఒక పాత కంప్యూటరు, దాని పక్కన ప్రింటరు. కొత్త సిస్టమ్‌ను పొగుడుతూ రాసిన సన్మానపత్రం అందులోంచి బయటికి వస్తోంది.

"ఇదేమిటయ్యా?"

ఆఫీసరుగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా ఆయన సమర్థుడు.

"ఇది... రాబోయే వెర్షన్ సార్."

"కొత్తది ఇవాళేగా ప్రారంభించాం?"

"దాని తర్వాతది సార్. ఇంకా పరీక్షల్లో ఉంది."

మంత్రిగారు కూర్చుని ఒక్క వేలితో నొక్కారు. కాగితం వచ్చేసింది.

"అబ్బ, ఎంత తొందరగా వచ్చింది! ప్రింట్ బటన్ ఎంచక్కా పైకి తెచ్చారే! ఎవరిదయ్యా ఈ ఆలోచన?"

"తమదే సార్."

మంత్రిగారు కాదనలేదు. తన ఆలోచనలను తాను గుర్తుపెట్టుకునేంత గర్వం ఆయనకు లేదు. "ఎవరైనా ఒక పౌరుణ్ణి పిలవండి" అన్నారు. బాబాయి నన్ను ముందుకు తోశాడు.

గుటక వేసేలోగా నా ధ్రువపత్రం వచ్చింది. నా పేరు, నాన్న పేరు, ఊరి పేరు, అన్నీ సరిగ్గా ఉన్నాయి.

"ఎలా ఉందమ్మా?" అని మంత్రిగారు అడిగారు.

నేను నోరు తెరిచాను.

"చాలా బాగుందంటోంది సార్" అన్నారు ఆఫీసరుగారు.

కాగితం ఒక అంచు నేను పట్టుకున్నాను, రెండో అంచు మంత్రిగారు పట్టుకున్నారు. ఫోటోలు తీశారు. మంత్రిగారు వదిలాక మెల్లగా నా వైపు లాక్కోబోయాను. అప్పటికే ఆఫీసరుగారి చెయ్యి దాని మీద పడింది.

"తొలి సర్టిఫికెట్ కదమ్మా. గోడకు పెట్టాలి."

"మరి మా పిల్లకో?" అన్నాడు బాబాయి.

"కౌంటర్లో ఇంకొకటి తీసుకోండి."

"దీంట్లోనే ఇంకొకటి కొట్టండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

"భలేవారే! ఇంకా విడుదల కాని వెర్షన్ జనానికి ఎలా ఇస్తామండీ?" అంటూ ఆఫీసరుగారు ఆ కంప్యూటరుకు ఎర్ర రిబ్బను కట్టించి, గదికి తాళం వేయించారు. కౌంటర్లో చక్రం అలాగే తిరుగుతోంది.

మర్నాడు పేపర్లో ఫోటో పెద్దగా పడింది. బాబాయి ఆ పేపరు తీసుకుని నన్ను హాస్టలుకు తీసుకెళ్ళాడు. వార్డెనమ్మ కళ్ళజోడు పెట్టుకుని, పేపరును కిటికీ దగ్గర వెలుగులోకి పట్టుకెళ్ళి చాలాసేపు చూసింది.

"సర్టిఫికెట్ కనబడుతోందండీ. ముద్ర కూడా కనబడుతోంది" అంది. "పేరుండే చోట మాత్రం మంత్రిగారి బొటనవేలు ఉంది."