యామిని ఫ్రిజ్‌లోని నలుపు మందు

రంగు అడగడం తప్పంటున్నారు కొందరు. నేను ఒప్పుకోను. ఫలానా వాళ్లింట్లో ఆడపిల్ల పుట్టిందనగానే తల్లి ఎట్లా ఉందని కాక, పిల్ల రంగెట్లా ఉందని అడగడం మనకు దొరికిన వరం. ఆ ఒక్క ప్రశ్నతో పరామర్శ మొత్తం అయిపోతుంది. ఎంత టైము కలిసొస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా!

గిద్దలూరు బజారులో నాకు ఫ్యాన్సీ దుకాణం ఉంది. ముందు వరుసలో తెల్లబడే క్రీములే పెడతాను. ముప్పై ఏండ్లుగా అమ్ముతున్నాను. వాటితో తెల్లబడిన మనిషిని ఇంకా చూడలేదు, అయినా ఒక్కరూ వచ్చి నాతో తగాదా పడలేదు. కరెంటు అరగంట పోతే ఆఫీసు మీదికి పోయే మనుషులే వీళ్లు! ఇంత ఓపిక ఇంకే విషయంలోనైనా చూపించారా?

ఇక సైన్సు సంగతి. మా అక్క సీతారత్నం కూతురు యామిని హైదరాబాదులో ఒక ల్యాబులో పనిచేస్తోంది. మన ఒంట్లో నలుపును తయారుచేసే ఎంజైమ్ ఒకటుంది, పేరు టైరోసినేజ్. అది ఎక్కడుందో పట్టిచ్చే యాంటీబాడీ యామిని ల్యాబ్ ఫ్రిజ్‌లో, చిటికెన వేలంత సీసాలో ఉంటుంది. ఎవరికైనా పుట్టుమచ్చ ఉన్నట్టుండి పెరిగితే డాక్టర్లు చిన్న ముక్క కోసి పంపుతారు. దాన్ని గాజు స్లైడ్ మీద పరిచి ఈ యాంటీబాడీ చుక్క వేస్తే, అది పోయి ఆ ఎంజైమ్‌కు అతుక్కుంటుంది. క్యాన్సరైతే ఏ రకమో తేల్చుకోవడానికి డాక్టర్లకు అది పనికొస్తుంది. దాని పని అంతేనని యామిని చెబుతుంది.

అంతేనంటే మనం ఊరుకుంటామా? కరోనా రోజులు దాటొచ్చినవాళ్లం, యాంటీబాడీ గురించి మనకు తెలియనిదేముంది! ఒంట్లో దూరిన శత్రువును చంపేదే యాంటీబాడీ. మరి నలుపుకు యాంటీబాడీ ఉందంటే అది నలుపును చంపేదే అయ్యుండాలి. ఈ సంగతి కనిపెట్టింది మా పక్క దుకాణం తిరుపతయ్య. వారం తిరిగేసరికి వెలిగండ్ల దాకా పాకింది.

మొన్న యామిని నాలుగు రోజుల సెలవుకు వచ్చినప్పుడు మా వసారాలో చెప్పులు పెట్టడానికి చోటు లేదు. హనుమంతునిపాడు నుంచి నరసింహులు అనే రైతు బస్సెక్కి వచ్చాడు. "నాకొద్దులేమ్మా, నేను ఎండలో తిరిగేవాణ్ణి. మా పెద్దోనికి సంబంధం చూస్తుండాం, వానికి సరిపోయేంత ఇయ్యి చాలు" అన్నాడు. నాగజ్యోతి టీచరు మెడ వరకే చాలంది. తిరుపతయ్య మాత్రం వ్యాపారి. "ముందు నా చెయ్యొక్కటి చేసి చూపించమ్మా, మిగతాది తర్వాత చూద్దాం" అని చొక్కా పైకి మడిచాడు.

యామిని అందరికీ ఓపిగ్గా చెప్పింది. ఎవరూ నమ్మలేదు. చివరికి ఎదురింటి ఆదిలక్ష్మమ్మ ఆ పిల్లను పైనుంచి కిందిదాకా చూసింది.

"అంత మందు చేతిలో పెట్టుకోని నువ్వెందుకమ్మా ఇట్ల ఉండావు?"

ఆ మాటతో మందు ఉత్తదని తేలిపోయింది. ఐదు నిమిషాల్లో వసారా ఖాళీ.

అందరూ పోయేదాకా ఆగి, నేను మెల్లగా యామిని పక్కన కూర్చున్నాను. చదువు రానివాళ్ల మాటలు వదిలేయండి, నా అవసరం వేరు. మా అబ్బాయి శ్రీకాంత్‌కు కూతురు పుట్టి ఐదో నెల. పాప రంగు మా వైపే. వచ్చినవాళ్లంతా చూసి, కొంచెం ఆగి, ముక్కు బాగుందంటున్నారు. నాకు బెంగగా ఉంది. ఒక్క చుక్క, పాప స్నానం నీళ్లలో కలిపేంత, ఇప్పించమని అడిగాను.

"అది చూపిస్తుంది మామా, తీసెయ్యదు," అంది యామిని. "ఇంకోటి విను. తెల్లగా ఉన్నోళ్ల చర్మంలో గూడా ఆ ఎంజైమ్ ఇంచుమించు మనకున్నంతే ఉంటది. మనలో బాగా పనిచేస్తది, వాళ్లలో నిదానంగా చేస్తది. అంతే తేడా."

పనిమంతులమని సర్టిఫికెట్ వచ్చినా నా బెంగ తీరలేదు. మాట మార్చడానికి, లోకంలో ఇన్ని చదువులుండగా ఈ నలుపు చదువు ఎందుకు పట్టుకున్నావని అడిగాను.

"ఎనిమిదో తరగతి దాకా నన్ను ఏమని పిలిచినావో గుర్తుందా మామా? పెండ్లిండ్లలో, బజార్లో, నా స్నేహితుల ముందర. అంత అనిపించుకునే నలుపు అసలు ఏందో చూద్దామని పోయినా."

గుర్తుంది. కర్రెమ్మా అని పిలిచేవాణ్ణి. ముద్దుకే పిలిచాను. అప్పుడా పిల్ల తలవంచుకుని లోపలికి పోతుంటే సిగ్గనుకున్నాను. ఇప్పుడు సిగ్గు నాకు పట్టుకుంది.

అయినా చూశారా, ఒక్క పిలుపుతో దేశానికొక సైంటిస్టును ఇచ్చాను! రంగు మాట ఎత్తడం దేశసేవ అని నేననేది ఇందుకే.

యామిని మర్నాడు రైలెక్కింది. పాపకు మా అమ్మ పేరు ప్రసన్నలక్ష్మి అని పెట్టుకున్నాం. ఎంత పిలిచినా ఆ పేరుకు పలకదు. నిన్న దుకాణం మూసి ఇంటికి రాగానే, ఇంట్లో అందరం రోజూ పిలిచినట్టే, గడపలోంచి "కర్రెమ్మా" అన్నాను. పాప ఠక్కున తల తిప్పి నన్ను చూసి నవ్వింది.