మైపాడు ఇసుకలో ఒక చుట్టు

ఆదివారం పొద్దున వేసుకున్న పథకం చిన్నదే. సముద్రం వెనక్కి తగ్గి తడి ఇసుక గట్టిపడే వేళకు మైపాడు చేరాలి. తాటి మొద్దు దగ్గర బయలుదేరి, అల్లంత దూరాన ఉన్న తారు పీపాను చుట్టి, మళ్ళీ మొద్దు దాకా కారు ఆపకుండా రావాలి. ఆపైన ఇడ్లీలు తిని నెల్లూరు చేరాలి. రంగనాయకులు దీన్ని సర్క్యూట్ అనేవాడు. మైపాడు వాళ్ళు ఏమీ అనేవాళ్ళు కాదు, నవ్వేవాళ్ళు. ఎప్పుడూ ఆవులో, పిల్లలో అడ్డం రావడంతో ఆ చుట్టు ఒక్కసారీ పూర్తి కాలేదు.

షోలవరం మోటారు పందెంలో దిగాలని అతని ఆశ. అందుకని తన పాత ఆస్టిన్ కారుకు బరువు తగ్గిస్తూ వచ్చాడు. ముందు టాపు పోయింది. తర్వాత తలుపులు, వెనక సీటు. ఆ తర్వాత భార్య.

పుష్పకుమారి అప్పటినుంచి ఒళ్ళో ఇడ్లీల గిన్నె, అలారం గడియారం పెట్టుకుని బస్సులో వచ్చేది. దారిలో కారు బస్సును దాటేటప్పుడు అతను చెయ్యి ఊపేవాడు. పెళ్ళిచూపులనాడు ఇదే కారులో సముద్రం ఒడ్డున తిప్పుతానన్నాడు. అతను మరిచిపోయాడు. ఆమెకు మాత్రం అలల చప్పుడు విన్నప్పుడల్లా గుర్తొచ్చేది.

"ఒక్క చుట్టు నన్ను కూచోబెట్టుకోకూడదా?" అంది ఆ పూట కూడా.

"నువ్వెక్కితే వేగం తగ్గుద్ది పుష్పా. షోలవరం పందెం కానియ్, తిరపతి దాకా తిప్పుతా."

"షోలవరం అయ్యేలోపల ముందు సీటు మిగుల్తుందా?"

అతను వినిపించుకోకుండా టోపీ పెట్టుకున్నాడు. ఆమె ఒడ్డునున్న ఇసుక దిబ్బెక్కింది. గుడ్డ ఊపి కారును వదలడం, గడియారం చూడడం ఆమె పని. కిందటిసారి రుమాలు కనిపించలేదని విసుక్కున్నాడని ఈసారి ఎర్ర తువ్వాలు తెచ్చింది.

ఆ దిబ్బ మీద గుడ్డ ఊపే హక్కు మైపాడులో ఒక్క చెంచయ్యదే. నీళ్ళ రంగు చూసి, చేపల గుంపు ఎక్కడుందో కనిపెట్టి ఆయన గుడ్డ ఊపితే, పడవలో వాళ్ళు గుంపు చుట్టూ వల వేస్తారు. వల రెండు మోకులూ ఒడ్డుకు చేరిస్తే ఊరంతా కలిసి లాగుతుంది. చెంచయ్య అప్పుడే చుట్ట ముట్టించుకోవడానికి దిబ్బ దిగాడు.

పుష్పకుమారి తువ్వాలు ఊపింది. ఒడ్డున కారు ఎగిరి దూకింది. నీళ్ళలో పడవ కూడా కదిలింది. కాసేపటికి వల జారవిడుస్తూ పడవ సర్క్యూట్ ఉన్న ఒడ్డుకే వస్తుంటే ఆమె కంగారుపడింది. భర్తను ఆపుదామని తువ్వాలు ఇంకా గట్టిగా ఊపింది. తనను మెచ్చుకుంటోందని అతను వేగం పెంచాడు. తొందరపెడుతున్నారని పడవ వాళ్ళూ పెంచారు.

చెంచయ్య రొప్పుతూ దిబ్బెక్కాడు. "ఎవురుమే గుడ్డ ఊపింది? గుంపు ఏ పక్క ఉండాది?"

"గుంపేంది తాతా? మా ఆయన అటు పోయినారు!" అంటూ ఆమె తువ్వాలు చేతితోనే ఉత్తరం చూపింది. పడవ ఉత్తరానికి తిరిగింది.

"ముందు ఆ చెయ్యి దించు తల్లీ!" అన్నాడు చెంచయ్య.

అప్పటికే ఊరివాళ్ళు అందుకుని లాగుతున్న మోకులు కారుకు ముందొకటి, వెనకొకటి అడ్డం పడ్డాయి. రంగనాయకులు పక్కకు తిప్పి బ్రేకు తొక్కాడు. మెత్తటి ఇసుకలో వెనక చక్రాలు దిగబడ్డాయి.

"మోకు తీయండయ్యా! పందెం కారు!"

"వల నీళ్ళలో ఉండాది. నువ్వే ఆపుకో!"

"ఆగే ఉంది గదయ్యా!"

ఖాళీ వల వస్తే ఊరందరికీ ఏ మొహం చూపించాలో తెలియక, పుష్పకుమారి దిబ్బ దిగి, కొంగు దోపి తనూ మోకు పట్టుకుంది. వల వచ్చింది. అందులో చేపలు వెండి పోసినట్టు ఎగిరెగిరి పడుతున్నాయి. చెంచయ్య చాలాసేపు వలనూ, ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

"రేపట్నించి నువ్వే ఊపుమే. నేను కూచోని చుట్ట తాగుతా."

ఆ సంబరంలో అందరూ వచ్చి కారు నెట్టారు. చక్రాలు గిర్రున తిరిగి నెట్టినవాళ్ళ మీద ఇసుక కొట్టాయే గాని కారు కదల్లేదు. సముద్రం మళ్ళీ ముందుకు వస్తోంది.

చెంచయ్య భార్య కామమ్మ కారు వెనక్కి తొంగిచూసింది. "అంతా డొల్లే గదయ్యా! బరువు లేకుంటే చక్రం ఎట్ట పట్టుద్ది?"

వెనక సీటుండే చోట చేపల గంపలు ఎక్కించారు. కారు కాస్త కదిలి మళ్ళీ కూర్చుంది.

"ఇంకొంచెం కావాల," అంది కామమ్మ.

రంగనాయకులు భార్య వంక చూశాడు. "పుష్పా, ఎక్కు."

"వేగం తగ్గదూ?"

ఒక అల ముందు చక్రాన్ని తడిపి పోయింది.

"ఎక్కవే తల్లీ!"

ఆమె కాళ్ళకంటిన ఇసుక దులుపుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, తాపీగా కూర్చుంది. కారు పైకి వచ్చింది.

"ఆపబాక! ఆపితే మళ్ళా దిగబడుద్ది!" చెంచయ్య అరిచాడు.

అతను ఆపలేదు. పీపా వచ్చింది, కారు దాన్ని చుట్టి తిరిగింది. ఒక పక్కంతా సముద్రం. వెనక గంపల్లో చేపలు తోకలు కొట్టుకుంటున్నాయి. ఉప్పుగాలికి ఆమె ముడి ఊడిపోయింది. ఆమె దాన్ని సర్దుకోలేదు. ఎందుకో రంగనాయకులు కూడా తొందరపడలేదు. తాటి మొద్దు దగ్గర గట్టి నేల మీదికి ఎక్కాక, మధ్యలో దిగబడినా మొదటిసారి చుట్టు పూర్తయిందని అతనికి అప్పుడు తట్టింది.

"ఎంతసేపు పట్టింది?" అన్నాడు ఆత్రంగా.

"గడియారం దిబ్బ మీదుందండీ," అంది ఆమె, ఇంకా సముద్రం వైపే చూస్తూ.

తిరుగు దారిలో, నెల్లూరు మార్కెట్టులో దించమని ఊరివాళ్ళు కారులోనే ఉంచిన చేపల బరువుకు కారు మూలుగుతుంటే బస్సే కారును దాటిపోయింది. చెయ్యి ఊపింది మాత్రం పుష్పకుమారి.