ఆకుపచ్చ రాణి నోట తెలుగు

గ్రహాంతరవాసులు మాట్లాడేది తెలుగేనని ఫిజీలోని వాలేలేవు తెలుగు సాంస్కృతిక సంఘం వారు యావత్ప్రపంచానికీ సవినయంగా తెలియజేశారు. అందుకు రుజువుగా ఒక శనివారం సాయంత్రం సంఘం హాల్లో తెల్ల దుప్పటి కట్టి, 'ఏడో చంద్రుడు' అనే టెలివిజన్ సీరియల్ కొత్త సీజన్ తొలి ఎపిసోడ్‌ను దాని మీద సామూహికంగా వీక్షించే ఏర్పాటు చేశారు. వచ్చినవాళ్ళకు పులిహోర, వేళ్ళు దంచి కలిపే మత్తు పానీయం యంగోనా.

ఈ ఘనత కార్యదర్శి యోగేంద్రది. నిరుడు ఆ సీరియల్ తీసే విదేశీ కంపెనీ ఫిజీకి వచ్చింది. సింగటోకా ఇసుక దిబ్బల్లో వాళ్ళకు కావలసిన గ్రహం దొరికింది గాని, ఆ గ్రహం వాళ్ళు మాట్లాడే భాష దొరకలేదు. వినడానికి గంభీరంగా ఉండాలట, ఒక్కరికీ అర్థం కాకూడదట. యోగేంద్ర ఛాతీ విరుచుకుని, "మా దగ్గర ఉంది సార్. మా కమిటీలోనే ఎవరికీ రాదు" అన్నాడు.

అతను గొప్పలు పోయే మనిషి కాడు, ఉన్నమాటే చెప్పాడు. అతని తెలుగు ఆస్తి మొత్తం లెక్కేస్తే రెండు భజనలు, ఒక 'గోవిందా', ఒక 'తిన్నావా', చిన్నప్పుడు తాత దగ్గర నేర్చిన ఒక బూతు. ఆ మాత్రం ఉండబట్టే కార్యదర్శి అయ్యాడు. తక్కిన సభ్యులకు ఇంట్లో హిందీ, ఆఫీసులో ఇంగ్లీషు, గుడిలో తెలుగు. గుడిలో తప్ప తెలుగు వినపడదు కనుక, తెలుగులో ఏం వినపడినా అది మంత్రమేనని వాళ్ళ నమ్మకం. చెవిన పడగానే చెప్పులు విప్పి, లేచి, చేతులు జోడిస్తారు. అర్థం అడగడం అపచారం.

గొంతు కోసం యోగేంద్ర కంపెనీ వాళ్ళను నౌసోరి తీసుకుపోయి, వరసకు నాయనమ్మ అయ్యే కన్నమ్మ ఆజీ వసారాలో కూర్చోబెట్టాడు. తెలుగు నోటి నిండా ఉన్న మనిషి ఆమె. మాట్లాడుకోవడానికి మాత్రం మేక ఒక్కటే మిగిలింది. సంఘం హాలు వెనక గది శనివారాలు తనకిస్తే పిల్లలకు తెలుగు నేర్పుతానని ఆమె ఎన్నాళ్ళుగానో కోరుతున్నది. కోరేది తెలుగులో. "తెలుగు బడి కావాలని హిందీలో అడుక్కుంటానా, సిగ్గు లేదూ!" అని ఆమె పట్టుదల. కమిటీ వారు విన్న ప్రతిసారీ చేతులు జోడించి, ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళేవారు. గదిలో యంగోనా బస్తాలూ విరిగిన కుర్చీలూ క్షేమంగా ఉండేవి.

"ఆజీ, బోలో. కుఛ్ భీ బోలో, తెలుగు మే" అన్నాడు యోగేంద్ర, మైకు చూపించి. ఏదో ఒకటి మాట్లాడమని.

కన్నమ్మ గది సంగతే చెప్పింది, దంచి దంచి చెప్పింది. యోగేంద్ర అలవాటు ప్రకారం తల ఊపుతూ "అచ్ఛా, అచ్ఛా" అన్నాడు. మనవడు ఒప్పుకున్నాడని ఆమె పొంగిపోయింది. అందుకే ఈ శనివారం కొత్త చీర కట్టుకుని, చేతిసంచిలో పలకలూ బలపాలూ వేసుకుని నౌసోరి నుంచి బస్సెక్కి వచ్చింది. గది ప్రకటన ఈ సభలోనే అని ఆమె లెక్క.

ముందు దీపం వెలిగించారు. తరువాత పెద్దలకు కొబ్బరిచిప్పల్లో యంగోనా అందింది. తరువాత అధ్యక్షుడు రామ్ నారాయణ హిందీలో తెలుగు వైభవాన్ని వర్ణించారు. "మన భాష సముద్రం దాటింది, నేడు ఆకాశం దాటింది. ఇక దానికి భూమ్మీద పని లేదు!" చప్పట్లు మోగాయి. ఆయన దుప్పటికి అడ్డంగా నిలబడి ప్రసంగిస్తుండగానే సీరియల్ మొదలైంది. అంతరిక్ష నౌకలు కాసేపు ఆయన చొక్కా మీద పోరాడుకున్నాయి.

ఆయన దిగేసరికి తెరమీద ఆకుపచ్చ మొహం, మూడు కళ్ళు, తలమీద కొమ్ములతో గ్రహం రాణి ప్రత్యక్షమై నోరు తెరిచింది. కన్నమ్మ గొంతు.

"ఆ వెనక గదిలో బస్తాలు తీసెయ్యండిరా. నాలుగు చాపలు పరిస్తే చాలు. నేను పోయేలోపల పిల్లలకు నాలుగు మాటలు చెప్పి పోతా."

కింద ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి: మా నక్షత్రం ఆరిపోతున్నది, భూలోకవాసులారా, యుద్ధానికి సిద్ధం కండి.

హాలంతా లేచి నిలబడింది. చెప్పులు గుమ్మం వైపు ఎగిరాయి. మాల అనే భక్తురాలు పరుగున వచ్చి దుప్పటి ముందు కర్పూరం వెలిగించింది. దుప్పటి అంటుకోకుండా ఇద్దరు పట్టుకున్నారు.

"యోగీ, వినపడుతున్నదా? ఏందిరా ఆ తల ఊపడం, మేకలాగా?" అన్నది రాణి.

పరగ్రహ రాణి నోట తన పేరు విని యోగేంద్రకు ఒళ్ళు పులకరించింది. కళ్ళు మూసుకుని భక్తిగా తల ఊపాడు. "గోవిందా!" అన్నారు జనం. చివరి మాట పలకడానికి సులువుగా ఉండటంతో కుర్రకారు దాన్ని అందుకున్నారు. "మేకలాగా! మేకలాగా!" హాలు దద్దరిల్లింది. తన పెళ్ళిలో తాళి కట్టేటప్పుడు ఇదే చదివించాలని ముకేష్ అనే కుర్రాడు అక్కడికక్కడే నిశ్చయించుకున్నాడు.

ఆ హడావిడిలో కన్నమ్మ లేచింది. "అరవడం ఆపండర్రా! యోగీ, గది ఎప్పుడిస్తావు?"

జనం ఆమె వైపు తిరిగి చేతులు జోడించారు. ఎవరో పసిబిడ్డను తెచ్చి ఆమె పాదాల దగ్గర పడుకోబెట్టారు.

"గదిరా! గది!"

"గోవిందా!"

కన్నమ్మ అందరినీ ఒకసారి చూసింది. చేతిసంచి గుండెకు హత్తుకుంది. బతుకులో చెయ్యనని ఒట్టేసుకున్న పని అప్పుడు చేసింది. మెల్లగా హిందీలో అడిగింది. "యోగీ, ఊ పీఛే వాలా రూమ్ హమ్‌కే దేదో. లడ్కా లోగ్‌కే తెలుగు సిఖాయేగా." వెనక గది నాకివ్వు, పిల్లలకు తెలుగు నేర్పుతాను అని.

జోడించిన చేతులు దిగిపోయాయి. అందరికీ అర్థమైంది, అదే చిక్కు. పసిబిడ్డ తల్లి బిడ్డను ఎత్తుకుని పక్కకు జరిగింది.

"అరే ఆజీ," అన్నాడు యోగేంద్ర ఇబ్బందిగా, "ఫిర్ గ్రోగ్ కహాఁ రఖేగా?" మరి యంగోనా ఎక్కడ పెట్టుకుంటామని.

ప్రశ్న సమంజసమైనదని సభ భావించింది. కమిటీ అక్కడికక్కడే సమావేశమై, తెలుగు భాషాభివృద్ధి నిమిత్తం ఏకగ్రీవంగా తీర్మానించింది: ఇకపై ప్రతి శనివారం పిల్లలను హాల్లో నిలబెట్టి, చెప్పులు విప్పించి, రాణిగారి పలుకులు టేపులో వినిపించాలి. టేపు ఉన్నందున పెద్దావిడ నౌసోరి నుంచి శ్రమపడి రానక్కరలేదు.

యోగేంద్రకు శాలువా కప్పారు. గుమ్మం దగ్గర పరాయి చెప్పుల గుట్టలో తన జత వెతుక్కున్న కన్నమ్మ, వెళ్తూ వెళ్తూ అతని మొహంలోకి చూసి అచ్చ తెలుగులో ఒక మాట అన్నది. తాత నేర్పిన ఆ ఒక్కటి కావడంతో అది మాత్రం యోగేంద్రకు అర్థమైంది. అయినా నలుగురితో పాటు చేతులు జోడించాడు.

ఆ మాట అచ్చు వేయదగినది కాదు. తెలుగు వచ్చిన పాఠకులు ఊహించుకోగలరు. ఇక మీ పిల్లలంటారా, ఈ కథ వాళ్ళకొకసారి పైకి చదివి చూడండి. చేతులు జోడిస్తే కంగారు పడకండి. చెప్పులు బయట విడిచి మీరూ లోపలికి రండి, హాల్లో ఇంకా చోటుంది.