మధ్య స్పీకరుకు ఈడూ జోడూ

ఇంట్లో అయిదు స్పీకర్లు పెట్టుకున్నంత మాత్రాన అవి ఒక కుటుంబం అయిపోవని గృహ శ్రవణ సామరస్య మండలి తన మొదటి ప్రకటనలోనే కుండబద్దలు కొట్టింది. కుడి స్పీకరు ఒక కంపెనీదీ, ఎడమది ఇంకో కంపెనీదీ, మాటలు పలికే మధ్య స్పీకరు మూడో కంపెనీదీ అయితే, తెరమీద మనిషి ఇటునుంచి అటు నడిచేలోగా అతని గొంతు మూడుసార్లు మారుతుంది. ఇలాంటి గొంతులు వింటూ పెరిగిన పౌరులు రేపు దేశానికి ఏ మొహం చూపిస్తారు? అందుకని సింగపూర్‌లో హోమ్ థియేటర్ పెట్టుకునే ప్రతి ఇల్లూ ముందుగా 'పొంతన పత్రం' తీసుకోవాలని నిర్ణయమైంది. (ప్రజాభిప్రాయం కూడా సేకరించారు. వద్దన్నవాళ్ళంతా ఫారం తప్పుగా నింపారట.)

తండ్రి నోరు తెరిచి అడక్కపోతే క్వెక్ సియూ ఎంగ్‌కి ఈ గొడవే పట్టేది కాదు. నలభై ఏడేళ్ళ సియూ ఎంగ్ ఒక బడిలో గుమాస్తా. తోవా పాయో పేటలో, పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో తండ్రి చిన్ సెంగ్‌తో ఉంటుంది. ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు సినిమా హాల్లో ఆపరేటరు. ప్రొజెక్టర్ల రొదలో, అద్దం వెనక నిలబడి వేల ఆటలు వేశాడు. ఆ రొదకే ఎడమ చెవి పోయింది. కుడిది ఈ ఏడాది చివరిదాకా ఉంటే గొప్పేనని డాక్టరు చెప్పాడు.

"ఎడమది రిటైరైపోయింది. కుడిది రాజీనామా ఇచ్చి నోటీసులో ఉంది," అన్నాడు చిన్ సెంగ్, కాఫీలో బిస్కెట్టు ముంచుకుంటూ. "అది దిగిపోయేలోగా ఒక్క సినిమా వినాలమ్మాయ్."

"టీవీ ఉందిగా నాన్నా."

"అది గొణుగుతుందే. హాల్లో జనం విన్నట్టు వినాలి నేను. ఆ వాన సినిమా ఉంది చూడు, చివర్లో ఆ పిల్ల గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి 'వెళ్ళొస్తాను' అంటుంది. నాలుగు వందల ఆటలు వేశాను. ఏమన్నదో తెలుసు, కింద అక్షరాలు పడతాయి. ఎలా అన్నదో తెలీదు. కింద ఆడవాళ్ళంతా ముక్కులు చీదుతుంటే అద్దంలోంచి చూసి, ఓహో, బాగానే అన్నట్టుంది అనుకునేవాణ్ణి."

సియూ ఎంగ్‌కి ఏడుపొచ్చినంత పనైంది. గుమాస్తా కనుక ఏడవకుండా ఫారం డౌన్‌లోడ్ చేసింది.

హాలు మూసేసిననాడు యజమాని తన గదిలోంచి తీసిచ్చిన రెండు స్పీకర్లు స్టోర్ రూమ్‌లో ఉన్నాయి. కుడీ ఎడమా వాటితో సరి. వెనక పెట్టే చిన్నవాటి విషయంలో మండలికి పెద్ద పట్టింపు లేదు (వెనక ఉన్నవాళ్ళ విషయంలో ఎవరికి మాత్రం ఉంటుంది). చిక్కంతా మధ్య స్పీకరుతోనే. అది పుట్టిన సంవత్సరమేది, లోపలి కోను కాగితమా గుడ్డా, ఇంతకుముందు వేరే జతలో ఉందా, ఉంటే ఎందుకు విడిపోయింది, ఇప్పుడు మనస్ఫూర్తిగానే వస్తోందా అని ఫారంలో ముప్పై ఆరు ప్రశ్నలు. (సియూ ఎంగ్‌ని చూడవచ్చిన సంబంధాలవాళ్ళు ఇన్ని అడగలేదు. రెండడిగి వెళ్ళిపోయారు.)

తగిన జోడీ ఒక పాత ఎలక్ట్రానిక్స్ మాల్‌లో, మూడో అంతస్తులో దొరికింది. దుకాణదారు స్ంగ్ దాన్ని తట్టి చూపించాడు.

"ఈ మోడల్లో ఇదే ఆఖరుది. పత్రం లేకుండా అమ్మను. రేపెవరైనా పత్రం పట్టుకొస్తే ఇచ్చేస్తాను, తర్వాత నన్ననుకోకు."

సియూ ఎంగ్ క్షణం ఆలోచించి, సంచీలోంచి టిష్యూ ప్యాకెట్టు తీసి స్పీకరు నెత్తిన పెట్టింది.

"ఇదేమన్నా హాకర్ సెంటరనుకున్నావా, కుర్చీ పట్టుకోవడానికి?" అని కసిరాడు స్ంగ్. కసిరాడే గానీ ముట్టుకోలేదు. సింగపూర్ తిండి అంగళ్ళలో టిష్యూ పెట్టిన చోటు ఒకరిదైపోయినట్టే. అన్నం పళ్ళెం పట్టుకుని మంత్రిగారొచ్చినా నిలబడి తినాల్సిందే.

మండలి యాప్‌లో ఆమె ముందు నాలుగు వేల నూటారుగురున్నారు. పత్రం చేతికొచ్చేసరికి అయిదు వారాలైంది. ఈలోగా చిన్ సెంగ్ తలుపు గంట వినడం మానేశాడు. సియూ ఎంగ్ పత్రం పట్టుకుని మాల్‌కి పరుగెత్తింది. ప్యాకెట్టు అక్కడే ఉంది. దాని వెనక వరసగా ఇంకో మూడు.

"దుమ్ము కూడా పక్కనుంచే దులిపాను," అన్నాడు స్ంగ్ గర్వంగా. "పత్రాలతో ముగ్గురొచ్చారు. ప్యాకెట్టు చూసి, సారీ చెప్పి, తమవి వెనక పెట్టి వెళ్ళారు."

"థాంక్స్ అంకుల్. మొదటిది నాదే."

"నీదేనని రుజువేంటి?"

"లోపల ఏడు టిష్యూలుంటాయి. ఒకదానికి లిప్‌స్టిక్ మరకుంటుంది."

స్ంగ్ కళ్ళజోడు పెట్టుకుని లెక్కపెట్టి, మరక వెతికి, స్పీకరు అప్పగించాడు.

స్పీకర్లు బిగించాక, మీట నొక్కేముందు జరగాల్సిన తనిఖీకి మండలి నుంచి రోస్లాన్ అనే అధికారి వచ్చాడు. మెత్తటి మనిషి. చెప్పులు బయటే విడిచాడు, ఇచ్చిన బార్లీ నీళ్ళు తాగాడు, మూడు స్పీకర్ల ముందూ మైకు పెట్టి గంటన్నర కొలిచాడు.

"అబ్బ, ఏం పొంతనండీ! నా సర్వీసులో ఇలాంటి కాపురం చూడలేదు. ఇక శ్రోత పరీక్ష ఒక్కటే."

"శ్రోతకేం పరీక్ష?" అంది సియూ ఎంగ్.

"వినేవాడూ సిస్టంలో భాగమేగా. నలభై ఒకటో నిబంధన." రోస్లాన్ చిన్ సెంగ్ చెవులకు తొడుగులు పెట్టి మీట నొక్కాడు. యంత్రం వంక చూసి, పాపం, నిజంగానే నొచ్చుకున్నాడు. "అంకుల్, మీ రెండు చెవులూ చెరో కంపెనీవిలా ఉన్నాయి."

"రెండూ మా అమ్మే చేసిందయ్యా!"

"కావచ్చండీ. జత కుదరట్లేదు. అప్పీలు చేసుకోవచ్చు, పద్నాలుగు నెలలు పడుతుంది. అప్పటిదాకా స్పీకర్లకు సీలు వేస్తాను."

"పద్నాలుగు నెలలా! మా నాన్నకి అంత టైం లేదండీ," అంది సియూ ఎంగ్. "పోనీ, శ్రోతగా నా పేరు రాయండి."

"దరఖాస్తుదారు శ్రోత కాకూడదమ్మా, పక్షపాతం వస్తుంది. ఇవాళ్టి పరీక్షకు మాత్రం మండలి తరఫున నేను వింటాను. జత కుదరని చెవి గదిలో ఉంటే కొలత చెడుతుంది. మీరు కాసేపు బాల్కనీలో ఉండాలి అంకుల్. సినిమా మీ ఇష్టం."

(సీలు చింపేసి వినొచ్చుగా అని మీరు అడగవచ్చు. అలా అడిగారంటే మీది ఈ ఊరు కాదు.)

చిన్ సెంగ్ వాన సినిమా పెట్టి, చివరి పది నిమిషాల దగ్గర ఆపి, రిమోట్ నొక్కి బాల్కనీలోకి నడిచాడు. సియూ ఎంగ్ అద్దం తలుపు మూసింది. తండ్రి పక్కన నిలబడి ఆయన చెయ్యి పట్టుకుంది. లోపల వాన మొదలైంది. గుమ్మం దగ్గర ఆ పిల్ల వెనక్కి తిరిగింది. చిన్ సెంగ్ తెరవైపు చూడనేలేదు. రోస్లాన్ మొహమే చూస్తున్నాడు. రోస్లాన్ కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

సీళ్ళు వేయడం అయ్యాక అధికారి తలుపు జరిపి బయటికొచ్చాడు. ముసలాయన ఆత్రంగా కుడి చెవి ఆయనకు దగ్గరగా పెట్టాడు.

"ఎలా అన్నది బాబూ?"

రోస్లాన్ ఒకసారి ఫారంలోకి చూసుకుని, ఆ చెవిలో గట్టిగా చెప్పాడు.

"నిబంధనల ప్రకారమే అందండీ."