తిరగని ఫ్యాన్లు

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. మా ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్‌కి ఇద్దరు యజమానులం. పగలు మా ఆవిడ అందులో ఇళ్ల ప్లాన్లు గీస్తుంది. సాయంత్రం నేను అందులో రాక్షసుల్ని చంపుతాను. ఆవిడ పనికి మెచ్చుకోళ్లు, నా పనికి చీవాట్లు వస్తుంటాయి.

ఈమధ్య కొత్త ఆట ఒకటి వచ్చింది. మా కంప్యూటర్‌లో రాక్షసుడు కత్తి ఎత్తుతాడు గానీ, దించడానికి ముహూర్తం చూసుకుంటున్నట్టు అలాగే నిలబడిపోతాడు. గ్రాఫిక్స్ కార్డు మార్చాల్సిందేనని మా బావమరిది తేల్చేశాడు. నేను ఒక ఉపాయం పన్నాను.

"నీ ప్లాన్లు గిర్రున తిరగాలంటే కొత్త కార్డు కావాలోయ్. నీ కోసమే నా తాపత్రయమంతా."

"నా కోసమా? మరి మీ వీపు వెనకున్న పెట్టె మీద గొడ్డలి పట్టుకున్నవాడెవడు?"

అప్పటికే కొనేసిన కార్డు పెట్టెను ముందుకు తెచ్చాను. ఇంకేం చేస్తాను?

"సరే," అంది. "నాకు ఈ నెలాఖరుకి ఒక ఇల్లు పూర్తి చేసివ్వాలి. పగలు ఒక్కటే చాలడం లేదు. కార్డుతో తేడా ఉందని మీరు రుజువు చేస్తే సాయంత్రాలు మీవి. లేదంటే అవి కూడా నావే."

సాయంత్రాలు పోతే నేనేమైపోవాలి! వెంటనే పనిలోకి దిగాను. కార్డు ఇటుకంత ఉంది. అది పట్టక, కంప్యూటర్ పక్కరేకు ఊడదీసి మంచం కిందకి తోశాను. తీగలన్నీ దొరికిన చోట గుచ్చాను. తెర వెలిగింది. నేనూ వెలిగిపోయాను.

"చూశావా! ఆకుల మీద ఈనెలు కూడా కనిపిస్తున్నాయి!"

"రాక్షసుడు ఇంకా ఆగుతున్నాడేమండీ?"

"ఆగడం కాదే, ఆలోచిస్తున్నాడు. కొత్త కార్డుతో వాళ్లకి తెలివి పెరుగుతుంది."

"కార్డు మీద ఫ్యాన్లు తిరగడం లేదే?"

"అదే మరి నాణ్యతంటే. చప్పుడేమన్నా ఉందా?"

ఆవిడ కంప్యూటర్ వెనక్కి వంగి, తీగల్ని ఒక్కొక్కటే చూసింది. "ఊఁ" అని లేచి వెళ్లిపోయింది.

రెండు వారాలు ఆఫీసులో ఎవరు దొరికితే వాళ్లకి ఆ ఈనెల గురించే చెప్పాను. ఆదివారం బావమరిది వచ్చి కాసేపు ఆట చూశాడు. తర్వాత వెనక్కి తొంగిచూశాడు.

"బావా, మానిటర్ తీగ పాత చోటే పెట్టారు. అది కొత్త కార్డుకి పెట్టాలి. ఇన్నాళ్లూ మీరు చూసింది పాత బొమ్మే."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఓడిపోవడం ఇష్టం లేక మా ఆవిడ మీదికి తిరిగాను. "మరి నువ్వూ పాతదాంట్లోనే గీశావుగా! ఇద్దరం సమానం!"

"నేను మొదటిరోజే చూశానండీ. రోజూ పొద్దున్నే తీగ కొత్త కార్డుకి మార్చుకుంటున్నా. ప్లాన్లు నిజంగానే గిర్రున తిరుగుతున్నాయి. మీరొచ్చేలోపు మళ్లీ పాతదానికి పెట్టేస్తున్నా."

"మళ్లీ పెట్టడం దేనికి?"

"అంత సంబరంగా ఈనెలు లెక్కపెట్టుకుంటుంటే చెడగొట్టడం దేనికని."

"ఇప్పుడు మార్చి చూపిస్తాను, తేడా నువ్వే చూడు!"

"పాతదాన్నే కొత్తదని రెండు వారాలు పొగిడారు. మీ సాక్ష్యం ఎవరు నమ్ముతారు? లేవండి."

బావమరిది గోడవైపు తిరిగి దగ్గాడు. నేను లేచాను.

ఆవిడ తీగ మార్చి కూర్చుంది. ఫ్యాన్లు తిరిగాయి. తెర మీద ఒక ఇల్లు తలుపు తెరుచుకుంది. కిటికీలోంచి ఎండ నేల మీద పడుతోంది. ఆవిడ ఎక్కడా ఆగకుండా ఆ ఇంట్లో గదిలోంచి గదిలోకి వెళ్లిపోతోంది. నా రాక్షసుడి సంగతే మర్చిపోయాను.

"ఆ గోడ అవతల ఏముంది?" అని ఆవిడ భుజం మీదుగా వంగి అడిగాను.

"వంటగది," అంది తల తిప్పకుండా. "మనింట్లోనూ గోడ అవతల అదే ఉంది. సింకు నిండా గిన్నెలున్నాయి, వెళ్లి చూసి రండి."