కంచె ఉన్నచోట తప్ప

పశువుల దారుల రక్షణ బిల్లును ప్రజల మధ్య కూర్చునే పరిశీలించాలని శాసనసభ సెలెక్ట్ కమిటీ తీర్మానించింది. ఆ మేరకు ఒక మంగళవారం నాడు ఆత్మకూరులో, ఏసీ ఉన్న కల్యాణమండపంలో, ప్రజల మధ్య కూర్చుంది.

దుత్తలూరు దాపులోని పల్లె నుంచి పోలేరమ్మ తెల్లవారకముందే బయలుదేరింది. ఆమెకున్నది ఇరవై ఆరు గొర్రెల మంద. అది చెరువుకు పోయే డొంకదారిని నిరుడు నిమ్మతోట ఆసామి ముళ్లకంచెతో మూసేశాడు. తారురోడ్డు మీద చుట్టు తిరిగి పోతే లారీల కింద మూడు పోయాయి. ఎండలు ముదిరేలోగా డొంక తెరుచుకోకపోతే మందను అమ్ముకోవడమే. బిల్లు నాలుగో క్లాజులో ‘డొంకను ఎవరూ అడ్డగించరాదు’ అని ఉందని మరిది ఓబులయ్య చదివి వినిపిస్తే, ఆ వాక్యాన్ని ఆమె కంఠస్థం చేసింది.

తగిన ఆధారాలతో హాజరు కావాలని నోటీసులో ఉంది. ఆమె దగ్గర కాగితాలు లేవు. అందుకని మందకు ముందు నడిచే చుక్కగొర్రెను ఆటోలో వెంట తెచ్చింది. సిబ్బంది దాన్ని ఆధారం నంబరు ఏడుగా నమోదు చేసి, బిల్లు తేలి నివేదిక అచ్చయ్యేదాకా తిరిగి ఇవ్వడం కుదరదన్నారు.

“అది లేకుంటే మంద నడవదు నాయనా,” అంది పోలేరమ్మ.

“రూల్సు అవ్వా,” అన్నాడు గుమాస్తా కేశవ. “గొర్రెకు రసీదు ఇస్తాండాం గదా.”

కమిటీ అధ్యక్షులు సురేంద్రబాబుగారు నలభై నిమిషాలు ప్రసంగించారు. “నెల్లూరు గొర్రె మన గౌరవం. గొర్రె నడిచిన బాటలోనే మన ప్రజాస్వామ్యం నడుస్తోంది.” ఈ మాటను సభ్యులందరూ బల్లలు చరిచి బలపరిచారు.

పోలేరమ్మకు రెండు నిమిషాలు కేటాయించారు. ఒకటిన్నర నిమిషం శాలువా కప్పడానికి సరిపోయింది. “డొంక మూసేసినారు సార్. కంచె తీపియ్యండి,” అని మిగతా సమయంలో చెప్పింది. సాక్షి బిల్లును హర్షించారని రికార్డులో రాసుకున్నారు.

తరువాత ఒక గౌరవ సభ్యులు, నాలుగో క్లాజు చివర ‘ఇప్పటికే కంచె ఉన్నచోట తప్ప’ అని చిన్న సవరణ ప్రతిపాదించారు. చర్చకు వ్యవధి లేదు, బిరియాని చల్లారిపోతోంది.

భోజనాలయ్యాక అధ్యక్షులు మైకు అందుకున్నారు. “అందరూ కడుపునిండా తిన్నారా? తిన్నవాళ్లు చేతులెత్తండి.”

మండపమంతా చేతులెత్తింది. చుక్కగొర్రె దిగులుతో పోలేరమ్మ ఒక్క మెతుకు ముట్టలేదు. అయినా పెద్దమనిషి అడిగితే లేదనడం మర్యాద కాదని చెయ్యెత్తింది. ఫోటో తీశారు.

నెల తిరక్కముందే బిల్లు సభకొచ్చింది. ఓబులయ్య సెల్‌ఫోన్‌లో చూపించాడు. మైకు ఇవ్వలేదని ప్రతిపక్షం అప్పటికే వెళ్లిపోయింది. అవుననేవాళ్లు అవుననండి, కాదనేవాళ్లు కాదనండి అన్నారు సభాపతి. అవునని కొందరన్నారు. కాదనడానికి ఎవరూ లేరు. పదకొండు నిమిషాల్లో చట్టమైంది.

“బిల్లు గెలిచింది వదినా,” అన్నాడు ఓబులయ్య.

“మరి కంచె?”

“అది కూడా గెలిచింది.”

తరువాతి సంతలో అమ్మడానికి మందను ఎక్కించుకుపోయే బండి వచ్చింది. ముందు నడిచేది లేక ఒక్క గొర్రె కూడా బండెక్కలేదు. దాని కోసం వెతుక్కుంటూ అన్నీ పోలేరమ్మ చుట్టూనే తిరిగాయి. ఒక్కోదాన్ని ఎత్తి పెట్టాల్సి వచ్చింది. ఒక్కోదాని నుదురు నిమిరి ఆమే అందించింది.

మరునాడు రసీదు పట్టుకుని ఆత్మకూరు పోయింది. కేశవ చుక్కగొర్రెను విప్పి, ప్రభుత్వ అభినందనలతో కమిటీ నివేదిక ప్రతిని కూడా చేతికిచ్చాడు. గొర్రె వెనక్కి వెనక్కి చూస్తోంది, మంద ఎక్కడుందోనని.

నివేదిక చివర రంగుల ఫోటో ఉంది. మండపం నిండా చేతులు. ముందు వరసలో శాలువా కప్పుకున్న పోలేరమ్మ చెయ్యే అన్నిటికంటే పైన ఉంది. కింద అక్షరాలు కేశవ చదివాడు: ‘నాలుగో క్లాజు సవరణకు ఏకగ్రీవ ప్రజామోదం.’

ఆమె ఫోటోలోని తన చేతి మీద వేలు పెట్టింది.

“అన్నం తిన్నారా అనే గదా అడిగినాడు. నేను అదీ తినలేదు నాయనా. అందరూ ఎత్తినారని ఎత్తినాను.”

కేశవ నివేదిక మూసి ఆమె చంకలో పెట్టాడు.

“అసెంబ్లీలో కూడా అంతే అవ్వా.”