పెళ్ళికి వెళ్ళిన పారాచూటు

ఆ శనివారం పొద్దున సుందరమూర్తి వేసుకున్న పథకం చాలా చిన్నది. దొరకు కాఫీ ఇవ్వాలి. చాకలి చెంగల్రాయన్ ఇంటికి వెళ్ళి, నిన్న ఆరేయమని ఇచ్చిన పారాచూటు తెచ్చుకోవాలి. మధ్యాహ్నం భోజనంలోపు దాన్ని దొర చేతిలో పెట్టాలి. అంతే. ఇందులో పొరపాటు జరగడానికి చోటే లేదని అనుకున్నాడు. అలా అనుకునేవాళ్ళతో ఆడుకోవడమంటే విధికి మహా సరదా.

దొర అంటే ఫ్రెంచి సైన్యంలో విమానం నడిపే కుర్ర లెఫ్టినెంటు. సెలవు మీద పుదుచ్చేరికి వచ్చి, ఇక్కడ జడ్జిగా ఉన్న మేనమామ ఇంట్లో దిగాడు. సుందరమూర్తి ఆ ఇంటి బట్లరు. దొర వచ్చీరాగానే క్లబ్బులో నలుగురి ముందూ ఒక ప్రకటన చేశాడు. విమానంలోంచి దూకి, పట్టుగొడుగు విప్పుకుని, కాలాపేట ఇసుకలో పూలచెండులా దిగుతాడట. ఎవరూ అడగలేదు, తనే అన్నాడు. సొంత విమానంలో వచ్చిన మద్రాసు వ్యాపారి ఒకాయన "ఇంకేం, నా విమానం ఉండనే ఉంది" అన్నాడు. ఆదివారం ఉదయానికి ముహూర్తం పెట్టేశారు.

తరువాత మొదలైంది చర్చ. సైన్యంలో విమానం నడిపేవాడు సరదాకు దూకవచ్చా? విమానం తగలబడుతుంటే దూకవచ్చు, దానికి ఎవరినీ అడగనక్కర్లేదు. దూకడం నేర్చుకునే శిక్షణకు పైవాళ్ళు పంపిస్తే వెళ్ళవచ్చు. కానీ సెలవులో ఉండి, ఉబలాటం కొద్దీ దూకాలంటే? అనుమతి అడగాల్సిందేనని దొర పట్టుబట్టి పై అధికారులకు తంతి పంపించాడు. అప్పటినుంచి అతనికి తిండి సయించలేదు. వరండా ఈ చివరనుంచి ఆ చివరకు తిరగడం, గేటువైపు చూడడం, "జవాబు వచ్చిందా?" అనడం. పాపం, దూకాలని ఎంత తహతహలాడుతున్నాడో అని సుందరమూర్తికి జాలి వేసేది.

ఆ జాలి వెనక సుందరమూర్తి సొంత తహతహ కూడా ఉంది. జడ్జిగారి కోర్టులో బంట్రోతు ఉద్యోగం ఖాళీగా ఉంది. ఎర్ర పటకా, ఇత్తడి బిళ్ళ, జీవితాంతం ఢోకా లేని కొలువు. "నేను దూకగానే మామయ్యకు నీ గురించి చెప్తాను" అని దొర మాట ఇచ్చాడు. సుందరమూర్తి భార్య అంబుజం ఆ ఉద్యోగం వచ్చేసినట్టే వీధి వీధంతా చెప్పేసింది. ఇప్పుడు రాకపోతే ఇల్లు మారాలి.

కాఫీ ఇస్తుండగా జడ్జిగారు గుమ్మంలోంచి కేకేశారు. "జవాబు వచ్చిందిరా! నిక్షేపంగా దూకమన్నారు!"

దొర చేతిలో కప్పు ఒరిగి, కాఫీ ఒళ్ళో పడింది. ముఖం చలువబట్టలా తెల్లబడింది. ఆనందం పట్టలేకపోయాడనుకున్నాడు సుందరమూర్తి.

"గొడుగు ఎక్కడ?" అన్నాడు దొర నీరసంగా.

"ఆరిపోయి ఉంటుంది దొరా. ఇప్పుడే తెస్తా," అని సుందరమూర్తి తలపాగా చుట్టుకుంటూ పరుగెత్తాడు.

చెంగల్రాయన్ ఇంట్లో అతని భార్య సౌభాగ్యం బొగ్గుల పెట్టెలో నిప్పులు ఊదుతోంది.

"అక్కా, ఆ తెల్లపట్టు యాడ?"

"అదా? మురుంగపాక్కంలో కల్యాణం గదన్నా. మాయన తెల్లారకముందే ఎత్తుకపోయినాడు."

"కల్యాణానికి దాంతో ఏంది పని?"

"ఏందన్నా అట్ల అడుగుతావు? పందిట్లో మేలుకట్టు కట్టాల గదా! అంత పెద్దది, అంత తెల్లంది యాడా చూడలేదని మాయన మురిసిపోయినాడు."

సుందరమూర్తి మిగతా మాట వినకుండానే వీధిలోకి దూకాడు. పెళ్ళి పందిట్లో వధూవరుల నెత్తిమీద తెల్లగుడ్డ కట్టడం చాకలి హక్కు. ఆ గుడ్డ ఎవరిదని అడగడం మర్యాద కాదు. సుందరమూర్తి పెళ్ళికి కట్టిన మేలుకట్టు కూడా ఏ దొరసాని దుప్పటో. ఆనాడు అతనికి అందులో తప్పేమీ కనిపించలేదు. ఈనాడు మురుంగపాక్కం దారిలో పరుగెడుతుంటే మాత్రం ఇంత అన్యాయమైన ఆచారం భూమి మీద లేదనిపించింది.

పందిట్లో అడుగుపెట్టేసరికి మేళం మోగుతోంది. పైన పారాచూటు నిండుగా పరుచుకుని, సముద్రపు గాలికి ఉబ్బుతూ, మహా దర్జాగా ఉంది. కింద పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, హోమం. హోమంలోంచి ఒక నిప్పురవ్వ లేచి నేరుగా పట్టులోకి వెళ్ళడం సుందరమూర్తి కళ్ళారా చూశాడు. పిడికెడు కంత పడింది.

"చెంగల్రాయా! విప్పరా, విప్పు!" అని అరిచాడు.

చెంగల్రాయన్ తాపీగా వచ్చాడు. "ఏందన్నా, అట్ల అరస్తావుండావు? చెయ్యి కడుక్కో. సాపాటు ఇంకా కానేలేదు."

"దాని తాళ్ళు యాడరా?"

"ఆ సన్నతాళ్ళా? గుడ్డకు అన్ని తాళ్ళు యాలకన్నా? కోసి అరటిమాన్లు కట్టేసినాము. గట్టివే, శానా బాగుండాయి."

సుందరమూర్తి స్తంభం పట్టుకుని ముడి విప్పబోయాడు. పెళ్ళికూతురి అవ్వ వెళ్ళైయమ్మాళ్ వచ్చి అతని చేయి పట్టుకుంది.

"ఎవురప్పా నువ్వు? తాళి పడకముందే మేలుకట్టు విప్పుతావా? నా మనవరాలి బతుకు ఏంగావాల?"

"అవ్వా, అది అరువు సొమ్ము! నా కొలువు పోతాది!"

అరువు అన్న మాట పెళ్ళికొడుకు మేనమామ మునియన్ చెవిన పడింది. ఆయన పొద్దుటినుంచీ ఏదో ఒక లోపం కోసం కాచుకుని ఉన్నాడు. "ఏంది? మేలుకట్టు గూడ అరువేనా? ఇంకేమేమి అరువప్పా మీ ఇంట్లో? లేయిరా మాప్పిళ్ళై!"

పెళ్ళికొడుకు లేచాడు. మేళం ఆగింది. పెళ్ళికూతురి తండ్రి ఆదికేశవన్ రెండు చేతులూ జోడించి సుందరమూర్తివైపు చూశాడు. బంట్రోతు ఉద్యోగం ఎలాగూ పోయింది. ఈ పిల్ల పెళ్ళి కూడా తన నోటివల్లే పోవాలా?

"అరువు గాదు మామా!" అన్నాడు గట్టిగా. "తొందర్లో నోరు జారినా. జడ్జి దొర మేనల్లుడు, మా లెఫ్టినెంటు దొర, ఈ పిల్లకు కానుకగా పంపించినాడు. ఆకాశంలో తిరిగే దొర! విప్పొద్దు, ఇంకా బిగించమని చెప్పనే వచ్చినా."

పందిరంతా ఒక్కసారి కలకలలాడింది. మునియన్ మీసం మెత్తబడింది. దొరలు కానుకలు పంపే ఇంటితో వియ్యమంటే సామాన్యమా? పెళ్ళికొడుకు మళ్ళీ కూర్చున్నాడు. తాళి పడింది. వెళ్ళైయమ్మాళ్ సంతోషం పట్టలేక పారాచూటు అంచంతా పసుపు పూసి కుంకుమ అద్దింది.

అంతటితో ఆగితే సుందరమూర్తి మెల్లగా ఏ నౌకో ఎక్కి సైగాన్ పారిపోయేవాడే. కానీ ఆదికేశవన్ కృతజ్ఞత గల మనిషి. "ఇంత ఉపకారం చేసిన దొర కాళ్ళకు పిల్లలు మొక్కకుంటే ఎట్లప్పా? మేళం తియ్యండి! దొరింటికే ఊరేగింపు!"

"వొద్దు మామా, దొర నిద్దరపోతావుంటాడు."

"అయితే మేళంతో లేపుదాం," అన్నాడు మునియన్.

ఊరేగింపు కదిలింది. పారాచూటును నాలుగు వెదురు గడలకు కట్టి వధూవరుల నెత్తిన పట్టారు. సుందరమూర్తి వెనక సందులోకి జారుకోబోతే, పెద్దమనిషివి నువ్వు ముందుండాలని మెడలో దండ వేసి ముందుకు తోశారు. తెల్లవాళ్ళ వీధుల్లో నాదస్వరం మోగుతుంటే కిటికీలన్నీ తెరుచుకున్నాయి. దండలో ఉన్న సుందరమూర్తికి బలికి తోలుకెళ్ళే మేక మనసు పూర్తిగా అర్థమైంది.

జడ్జిగారి తోటలో క్లబ్బు వాళ్ళంతా చేరి ఉన్నారు. మద్రాసు వ్యాపారి గాలివాటం ఎలా ఉంటుందో చేతులు తిప్పి వివరిస్తున్నాడు. దొర వినడం లేదు. కుర్చీ చుట్టూ తిరుగుతున్నాడు. మేళం లోపలికి వచ్చింది. సుందరమూర్తి దండతో సహా దొర కాళ్ళమీద పడి, తన వంటింటి ఫ్రెంచిలో ఉన్నదంతా కక్కేశాడు. చాకలి, పెళ్ళి, కంత, తాళ్ళు, చివరికి తను ఆడిన అబద్ధం.

దొర పారాచూటు దగ్గరకు వెళ్ళాడు. కంతలో చేయి పెట్టి చూశాడు. తాళ్ళకోసం వెతికాడు. పసుపు అంచు వాసన చూశాడు. అతని బుగ్గల్లోకి మెల్లగా రంగు ఎక్కింది. వచ్చిన నాటినుంచి అతని ముఖంలో అంత సంతోషం సుందరమూర్తి చూడలేదు. అప్పుడు తట్టింది సుందరమూర్తికి. వరండాలో ఇన్నాళ్ళూ తిరిగినవాడు దూకమంటారని కాదు, దూకొద్దంటారని ఎదురుచూశాడు.

"అవును!" అన్నాడు దొర అందరూ వినేలా. "నేనే పంపించాను. ఒక పేదపిల్ల పెళ్ళికంటే నా సరదా ఎక్కువా? రేపు దూకలేను. చాలా బాధగా ఉంది. మామయ్యా, ఈ సుందరమూర్తి లాంటి నమ్మకస్తుడు మీ కోర్టులో ఉండాలి."

జడ్జిగారి కళ్ళు చెమర్చాయి. "సోమవారంనుంచి వచ్చెయ్యి," అన్నారు. సుందరమూర్తి లేవడం మరచిపోయి అక్కడే కూర్చుండిపోయాడు. దొరసానులు కన్నీళ్ళు తుడుచుకున్నారు. మద్రాసు వ్యాపారి అందరికంటే ఎక్కువ కరిగిపోయి, దొరను గట్టిగా కౌగిలించుకున్నాడు.

"ఇంత మంచి మనసుకు బాధ కలగనిస్తానా? నా విమానంలో కొత్త పారాచూటు ఒకటి ఉంది. ఇప్పుడే తెప్పిస్తాను. రేపు మీరు దూకుతున్నారు!"

తోటంతా చప్పట్లు. దొర చిరునవ్వు చెదరకుండా సుందరమూర్తి రెక్క పట్టుకుని క్రోటను మొక్కల వెనక్కి లాక్కుపోయాడు.

"రేపు పొద్దున ఇంకెక్కడైనా పెళ్ళి ఉందేమో కనుక్కో. త్వరగా!"

సుందరమూర్తి పరుగున వెళ్ళి చెంగల్రాయన్‌ను అడిగాడు. అతను తల గోక్కున్నాడు.

"రేపు పెండ్లి లేదన్నా. విల్లియనూరులో సావొకటుంది, పాడెకు గుడ్డ కావాల. దొరకు పరవాలేదేమో అడుగు."

సుందరమూర్తి అడిగాడు. దొర పరవాలేదన్నాడు.